లైనక్స్ మాస్టారు

చోడవరం స్వయంభూ విఘ్నేశ్వరుడికి మొక్కుకుంటే విఘ్నాలు తొలగుతాయంటారు. వైఫై డ్రైవర్ ఆ స్వామి పరిధిలోకి రాదని లైనక్స్ మాస్టారికి అనుభవం మీద తెలిసింది.

ఆయనకి సొంత పేరుంది గానీ ఊళ్లో ఎవరూ వాడరు. ఇలాంటి మాస్టారు అనకాపల్లిలో ఒకరు, నర్సీపట్నంలో ఒకరు, ఆ మాటకొస్తే ప్రతి పాత తాలూకా కేంద్రంలోనూ ఒకరుంటారు. లెక్కలు చెప్పి రిటైరై ఉంటారు. చొక్కా జేబులో పెన్ను పక్కనే చిన్న స్టార్ స్క్రూడ్రైవరు. లాగు జేబులో రెండు పెన్‌డ్రైవులు: ఒకదాంట్లో డెబియన్ అనే లైనక్స్, అది లేవకపోతే పెట్టడానికి రెండోదాంట్లో ఇంకో డెబియన్.

ఎవరైనా కొత్త లాప్‌టాప్ కొన్నామని మాడుగుల హల్వా పట్టుకెళ్తే, హల్వా నోట్లో వేసుకుంటూనే యంత్రాన్ని బోర్లా తిప్పుతారు. "బ్యాటరీ ఊడదు. ర్యామ్ బోర్డుకే అతికించీశాడు. నువ్వు దీన్ని కొన్నాననుకుంటున్నావేటి నాయనా? అద్దెకిచ్చేడు." ఆ కుర్రాడి మొహం చూడాలి. హల్వా వెనక్కి అడగలేడు కదా.

మాస్టారి భారతంలో ఆదిపర్వం ప్రింటర్‌తో మొదలవుతుంది. 1980 ప్రాంతంలో అమెరికాలో ఎం.ఐ.టి. ప్రయోగశాలకి జిరాక్స్ కంపెనీ లేజర్ ప్రింటరొకటి వచ్చింది. మాటిమాటికీ కాగితం ఇరుక్కునేది. ఇరుక్కోగానే అందరికీ కబురు వెళ్లేలా ప్రోగ్రాము మార్చుకుందామని రిచర్డ్ స్టాల్‌మన్ సోర్స్ కోడ్ అడిగితే ఇవ్వలేదు. ఆ మంట చల్లారక 1983లో, ఎవరైనా కోడ్ చూసి మార్చుకోగలిగే సాఫ్ట్‌వేర్ కోసం గ్నూ ప్రాజెక్టు ప్రకటించాడు. ఇక్కడికొచ్చేసరికి మాస్టారి గొంతు బొంగురుపోతుంది. ఆయన సొంత ప్రింటరు వెనకాలే ఉంటుంది. దానికి లైనక్స్ డ్రైవర్ దొరకలేదు గనక ప్రస్తుతం పంచాంగం పెట్టుకోవడానికి వాడుతున్నారు.

2012లో ఫిన్లండ్‌లో ఒక సభలో లైనక్స్ సృష్టికర్త లినస్ టోర్వాల్డ్స్ కెమెరా ముందే ఎన్విడియా కంపెనీకి మధ్యవేలు చూపించిన ఘట్టం కూడా చెప్తారు. ఇంట్లో ఆడవాళ్లుంటారు గనక, "చూపించాల్సింది చూపించేడు" అని సరిపెడతారు.

అన్నిటికన్నా పెద్దది వైఫై పర్వం. డ్రైవర్ దించుకోవాలంటే నెట్ కావాలి, నెట్ రావాలంటే డ్రైవర్ కావాలి. 2022లో చోడవరం విశాఖ జిల్లా నుంచి కొత్త అనకాపల్లి జిల్లాలోకి వెళ్లిపోయింది గానీ మాస్టారింట్లోకి వైఫై రాలేదు. మరుసటేడు డెబియన్ 12 వచ్చింది. చిప్ కంపెనీలు కోడ్ చూపించకుండా ఇచ్చే ఫర్మ్‌వేర్‌ని అందులో ఇన్‌స్టాలర్‌తోపాటే కలిపేశారు. వైఫై దానంతటదే పలికింది. ఇంటిల్లిపాదీ సంబరపడుతుంటే మాస్టారు మాత్రం, మూసిన కోడ్‌ని లోపలికి రానిచ్చేశారని ఆ పూట అన్నం ముట్టలేదు.

నవ్వుతాం గానీ ఆయన మాటలో తప్పు పట్టడానికేమీ దొరకదు. మనం డబ్బిచ్చి కొన్న వస్తువుకి తాళంచెవి ఇంకెవరి దగ్గరో ఉండటమేమిటి? చిక్కల్లా ఏమిటంటే, ఇంత న్యాయంగా మాట్లాడే మనిషిని అవసరం పడిన రోజున పిలవలేం. మేనకోడలి శుభలేఖ యూనికోడ్‌లో ముచ్చటగా కూర్చి ఇచ్చారు. డీటీపీ కుర్రాడు అను ఫాంట్లలో పేజ్‌మేకరులో మళ్లీ మొదటినుంచీ కొట్టుకున్నాడు.

ఏటా పింఛను కోసం బతికున్నట్టు రుజువు చూపించాలి. 2014లో వచ్చిన జీవన్ ప్రమాణ్ అప్లికేషన్‌ని ఇంట్లోనే నడుపుదామని వేలిముద్రల పరికరం కొన్నారు. తీరా చూస్తే ఆ అప్లికేషన్ విండోస్‌కీ ఆండ్రాయిడ్‌కీ తప్ప లేదు. డెబియన్ లెక్క ప్రకారం మాస్టారు బతికున్నట్టు దాఖలా లేదన్నమాట. చేసేదిలేక కాంప్లెక్స్ దగ్గర నెట్ సెంటర్‌కి వెళ్లారు.

"ఆండ్రాయిడ్ లోపలున్నదీ లైనక్సేనని మీరే సెప్పేరు కదండీ మాస్టారూ?" అన్నాడు కుర్రాడు.

"కెర్నెల్ అదే. తాళం వాళ్లది," అంటూ బొటనవేలు పెట్టారు. పడలేదు. తుడిచి మళ్లీ పెట్టారు. మూడోసారికి పడింది.

"బతికే ఉన్నారండి. ముప్పై రూపాయలివ్వండి."

మాస్టారు చిల్లర లెక్కపెట్టి బల్లమీద పెట్టి, జేబులోంచి స్క్రూడ్రైవరు తీశారు.

"ఒకసారి అదిలాగివ్వు నాయనా. లోపల చిప్ నంబరేటో రాసుకుంటాను."