పీక్యూడబ్ల్యూఎల్ 14: టీకా తాత్పర్య సహితం

మూలం:
అనంతపురం – విజయవాడ. స్లీపర్ క్లాసు. పీక్యూడబ్ల్యూఎల్ 14.

అవతారిక: పెళ్లి ముహూర్తం కుదిరిన నాడే టికెట్టు తీయవలసినవాడు, శుభలేఖలన్నీ పంచాక తీరిగ్గా ఫోను తెరిచిన సందర్భంలోనిది ఈ వాక్యం. ప్రయాణానికి 60 రోజుల ముందే బుకింగు తెరుస్తారు. 2024 నవంబరు 1కి ముందు పాఠంలో ఇది 120 రోజులు. మనవాడికి రెండు పాఠాలూ ఒకటే. కర్త ఎవరో తెలియదు. కంప్యూటరని కౌంటరువారి మతం.

ప్రతిపదార్థం: అనంతపురం = బండి పుట్టని, ఊరికే ఆగి పోయే ఊరు; స్లీపర్ = పడుకోవచ్చునని ఆశపెట్టునది; పీక్యూ = పూల్డ్ కోటా, అనగా నడుమ ఊళ్లవాళ్లందరికీ కలిపి పెట్టిన కాస్త వాటా; డబ్ల్యూఎల్ = వెయిటింగ్ లిస్టు; 14 = ముందు పదమూడుగురు ఉన్నారు. ‘ఆ పదమూడుగురునూ ప్రయాణము మానుకొందురు గాక’ అని అధ్యాహారం చేసుకోవాలి. క్రియ లేక వాక్యం పూర్తి కాదు గదా.

వ్యాఖ్య: ఈ ఊరి వానకూ బెర్తుకూ ఒకటే సూత్రం. నైరుతి మేఘం పడమటి కనుమల మీదే బరువు దించుకొని ఇక్కడికి ఉత్త చేతులతో వస్తుంది. ఈశాన్యం కోస్తాలో కురిసి మన దాకా రాకమునుపే నీరసిస్తుంది. రైళ్లూ అంతే. ప్రశాంతి భువనేశ్వర్‌కూ బెంగళూరుకూ, కర్ణాటక ఎక్స్‌ప్రెస్ బెంగళూరుకూ ఢిల్లీకీ, ఉద్యాన్ ముంబైకీ బెంగళూరుకూ మధ్య తిరుగుతాయి. బెర్తుల్లో సింహభాగం బయలుదేరే ఊరి కోటాకే. నడుమ ఎక్కి నడుమ దిగేవాడికి జల్లు.

పూర్వపక్షం: ‘బెంగళూరులో మా బావమరిదికి వెయిటింగ్ లిస్టు 40 ఉన్నా కన్ఫం అయింది, నాది 4 దగ్గరే నిలిచిపోయింది, ఇదేం న్యాయం సామీ?’

సమాధానం: ఆయనది జనరల్ వరుస, నీది పూల్డ్ వరుస. రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూడటం తార్కికుడు చేయదగిన పని కాదు. నీ కోటాలో ఎవరైనా రద్దు చేసుకుంటేనే నీ అంకె కదులుతుంది. పెద్ద వరుసలో రద్దులు ఎక్కువ, చిన్న వరుసలో తక్కువ. ఇది న్యాయమా అన్నది వేరే అధికరణం. నా మటుకు కాదనే అంటాను.

చార్టు తయారయ్యాక మూడు గతులు. కన్ఫం అయితే మోక్షం. కాకపోతే ఆన్‌లైన్ టికెట్టు తనంత తానే రద్దయి, కొంత కోతతో డబ్బు వెనక్కి వస్తుంది. నడుమ త్రిశంకు స్వర్గం ఒకటుంది, ఆర్ఏసీ. సైడ్ లోయరు బెర్తు ఒకటి, మనుషులు ఇద్దరు, ఛార్జీ ఎవరికి వారు పూర్తిగా. కిటికీ వైపు ఎదురెదురుగా కూర్చుంటే పరవాలేదు. రాత్రి పదయ్యాక ఎదుటి కూపేలో మిడిల్ బెర్తు గొలుసులు తగిలించి అందరూ పడుకుంటారు. ఇక్కడ ఆనుకునే పలకలు రెండూ దించితే పక్క సిద్ధం, కానీ పడుకునేది ఎవరు? ‘అన్నా, రొంత కాళ్లు ముడుచుకో’ అని ఒకరు, ‘నువ్వే రొంత జరుగబ్బా’ అని ఇంకొకరు. గుంతకల్లు వచ్చేసరికి ఇద్దరి కాళ్ల మధ్య శెనక్కాయల సంచి సరిహద్దు రాయిలా నిలబడి ఉంటుంది. శాంతి కుదిరితే ఆ సంచి మూతి విప్పుతారు.

పాఠాంతరం: ‘ఎమ్మెల్యే లెటరు’ అని కొన్ని ప్రతులలో కనబడుతున్నది. ఎమర్జెన్సీ కోటా అనేది నిజంగానే ఉంది. పెళ్లి ఏ విధంగా ఎమర్జెన్సీయో లెటరు రాసే పీఏ మాత్రమే చెప్పగలడు. తత్కాల్ అని మరో పాఠం. ఏసీకి ముందురోజు పదింటికి, స్లీపరుకు పదకొండింటికి తెరుచుకుంటుంది, గడియారం చూసుకునేలోగా అదీ వెయిటింగే.

విశేషం: అనంతపురంలో బయలుదేరి ఢిల్లీ దాకా పోయిన బండి లేకపోలేదు. 2020 సెప్టెంబరు 9న ఇక్కడినుంచి ఆదర్శ్‌నగర్‌కు కిసాన్ రైలు కదిలింది. టమాటా, అరటి, చీనీ, బొప్పాయి ఎక్కి కూర్చున్నాయి. వాటిలో ఏ కాయకూ పూల్డ్ కోటా వెయిటింగ్ రాలేదు.

తాత్పర్యం: నడుమ ఊరివాడు తన ఊరినుంచి తన ఊరి పేరుతో టికెట్టు అడగడమే ఇందలి దోషం.

ఫలశ్రుతి: కాబట్టి చదువరులారా, తీరికుంటే బండి బయలుదేరే ఊరినుంచే, అనగా బెంగళూరునుంచి విజయవాడకు టికెట్టు తీయండి. బోర్డింగ్ స్టేషను అనంతపురమని పెట్టండి. ఎక్కని 200 కిలోమీటర్లకు అదనంగా కట్టుకోవాలి, అయినా కొన్ని బండ్లలో కన్ఫం అయ్యే అవకాశం మెరుగు కావచ్చు. బోర్డింగ్ మార్చడం మాత్రం మరచిపోవద్దు. మరిస్తే బెంగళూరులో మీరు ఎక్కలేదని టీటీఈ ఆ బెర్తును ఇంకొకరికి రాసిచ్చేస్తాడు.