వేరు లెక్క వేరు

ఖరీఫ్‌లో యూరియాకని కొట్టుకి వెళ్తే, బస్తా పక్కన ఓ అరలీటరు సీసా కూడా పెట్టాడు కొట్టాయన.

"ఇదేటి?"

"బ్యాక్టీరియా బాబూ. గాల్లో నత్రజని లాగేసి పైరుకిచ్చేస్తది. ఇది తీసుకుంటేనే బస్తా."

దీన్నే మనవాళ్లు లింకు అంటారు. 266 రూపాయల 50 పైసల బస్తా కావాలంటే, అంతకు మించిన సీసా మోయాలి. ఈ దోపిడీని ఎలాగోలా భరించవచ్చు. దాని వెనకున్న తెలివిని భరించడమే కష్టం. బస్తాలో 45 కిలోలు, అందులో 46 శాతం నత్రజని. ఓ చేత్తో పొలం నిండా వడ్డించిన విస్తరి వేసి, మరో చేత్తో వంటవాణ్ణి అమ్ముతున్నాడు!

వేరు పరమ పిసినారి. ఆకు ఎండలో వండిన చక్కెరలో కొంత మట్టిలోకి వదులుతుంది, నిజమే. అది ధర్మసత్రం కాదు, కూలీ. మినుము వేరుకి నత్రజని కరువైతేనే ఫ్లేవనాయిడ్లనే కబురు పంపి రైజోబియాన్ని పిలుస్తుంది, బుడిపె కట్టి ఇల్లిస్తుంది. ఆ బుడిపెని గోటితో చీల్చండి, లోపల ఎర్రగా ఉంటే కాపురం బాగున్నట్టు. మన రక్తంలో ఎరుపుకి దగ్గరి చుట్టమే అది. అదే నత్రజని బస్తాల్లో వచ్చి పడిందా, వేరు కబురు మానేస్తుంది, బుడిపెలు తగ్గిపోతాయి. వరి దగ్గర పనిచేస్తుందని అమ్మే అజోస్పిరిల్లమ్‌దీ అదే తంతు: చుట్టూ అమ్మోనియా ఉంటే తన నత్రజని మిషను కట్టేసి కూర్చుంటుంది. ఊరికే దొరికేదాన్ని ఎవరు వండుకుంటారు?

ఇక సీసాలోని జనాభా. ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం ద్రవమైతే మిల్లీలీటరుకి 10 కోట్ల బతికున్న కణాలుండాలి. అరలీటరుకి 5,000 కోట్లు. వినడానికి గుండె ఝల్లుమంటుంది. కానీ గ్రాము మంచి మట్టిలోనే 100 కోట్ల దాకా ఉంటాయి. ఎకరంలో జానెడు లోపు దుక్కిమట్టి సుమారు 9 లక్షల కిలోలు. లెక్కేస్తే సీసాలోంచి దిగిన ఒక్కోదానికి ఎదురుగా పాతకాపులు కోటికి పైమాటే. అదీ రేకుల కొట్లో ఎండకి మాడగా మిగిలినవి దిగితే!

ఈ బేరం కొత్తదీ కాదు. జర్మనీలో నోబ్, హిల్ట్నర్ 1896లోనే రైజోబియాన్ని 'నిట్రాజిన్' పేరుతో అమ్మకానికి పెట్టారు. వేరు చుట్టూ ఉండే మట్టికి రైజోస్పియర్ అని 1904లో పేరు పెట్టిందీ ఆ హిల్ట్నరే. పాపం, లింకు పెట్టడానికి వాళ్లకి యూరియా బస్తా లేదు. సోయా కొత్తగా అడుగుపెట్టిన నేలలో దాని తోడు బ్యాక్టీరియా ఉండకపోవచ్చు, విత్తనానికి పట్టించాల్సిందే. అక్కడ లెక్క వేరు. తరతరాలుగా మినుము పండే మడిలో మినుము బ్యాక్టీరియా పోయడం నాగావళి ఏటికి బిందెతో నీళ్లు మోయడమే.

2015లో మొదలైన భూసార కార్డు మన మట్టికి 12 పరీక్షలు చేస్తుంది. జింకు నుంచి బోరాన్ దాకా అన్నీ ఉంటాయి. బుడిపె మాత్రం ఏ గడిలోనూ ఉండదు. అందుకే కొట్టాయన చెప్పిందే పరీక్ష ఫలితం.

మా అరసవల్లిలో రథసప్తమికి చిక్కుడుకాయలతో రథం కట్టి, చిక్కుడాకుల్లో సూర్యనారాయణుడికి పరమాన్నం పెడతాం. పెరట్లో ఆ పాదు కింద ఎవరూ సీసా వంచలేదు. వరి కోతకి నాలుగు రోజుల ముందు చల్లిన మినుము చూడ్డానికి ఈసారి పండగ ముందు మడిలోకి దిగాను. ఒక్క మొక్క మెల్లగా పెకలిస్తే వేరు నిండా బుడిపెలు, చీలిస్తే ఎర్రగా! అలాగే పట్టుకెళ్లి కొట్టాయన బల్ల మీద పెట్టాను.

ఆయన కళ్లు మెరిశాయి. "సూసారా బాబూ, మా మందు ఎలా పనిసేసిందో!"

సీసా మూత తియ్యకుండా నా బండి డిక్కీలోనే ఉంది.