నూనెకి లోకమంతా దారే, గెలకి జోనే

సత్తుపల్లి, దమ్మపేట, అశ్వారావుపేట పామాయిల్ రైతులకి ప్రపంచీకరణ లాభనష్టాల మీద ఉపన్యాసం అక్కర్లేదు. 2022 ఏప్రిల్‌లో ఇండోనేషియా పామాయిల్ ఎగుమతులు ఆపేసింది. ఆ వేసవిలో ఇక్కడ గెలల ధర టన్ను 20 వేలు దాటింది. మరుసటి ఏడు 13 వేల దరిదాపులకి జారింది. తోట అదే, గెలా అదే.

అయినా ఉపన్యాసకులు వస్తూనే ఉంటారు. ధర పెరిగితే సర్కారు చలవ, పడితే అంతర్జాతీయ మార్కెట్ పాపం. ఆ మార్కెట్‌ని ఎంత తిట్టినా ఫర్వాలేదు, దానికి ఓటు లేదు కదా!

2021 ఆగస్టులో కేంద్రం వారు 11,040 కోట్లతో పామాయిల్ మిషన్ ప్రకటించి, మొక్కలు నాటమన్నారు. రెండు నెలలు తిరక్కుండానే ముడి పామాయిల్‌పై ప్రాథమిక దిగుమతి సుంకం సున్నా చేశారు. 2024 సెప్టెంబర్‌లో దాన్ని 20 శాతానికి పెంచి రైతుకి శుభాకాంక్షలు చెప్పారు. 2025 మే నెలాఖరున 10కి దించి గృహిణికి శుభాకాంక్షలు చెప్పారు. మా వైపు ఆ రైతూ గృహిణీ ఒకే ఇంట్లో ఉంటారు. అభినందనలు రెండూ అందాయి, డబ్బే ఈ జేబులోంచి ఆ జేబులోకి పోయింది.

ఇక స్వేచ్ఛా వాణిజ్యం సంగతి. మలేషియా నూనె సముద్రం దాటి కాకినాడలో దిగొచ్చు. మన గెల మాత్రం జోన్ దాటకూడదు, చట్టం రాసిచ్చిన ఫ్యాక్టరీకే తోలాలి. పోనీ ధర వచ్చేదాకా ఆపుదామంటే, ఇది కోల్డ్ స్టోరేజీలో పెట్టుకునే మిర్చి కాదు. కోసిన గెల 24 గంటల్లో ఫ్యాక్టరీకి చేరకపోతే పండులో ఆమ్లం పెరిగి నూనె నాణ్యత పడిపోతుంది. చెట్లు కొట్టేద్దామా? కాపుకి రావడానికే నాలుగేళ్లు పట్టింది, పాతికేళ్లు కాస్తుందని నమ్మించి నాటించారు. ఆగే వీలు లేదు, ఇంకో గేటుకి పోయే వీలు లేదు. కానీ మైకు పట్టుకున్న పెద్దమనిషి మాత్రం "ప్రపంచంతో పోటీ పడాలి" అంటాడు! ఎలా పడాలో అడిగితే టీ విరామం ఇస్తాడు.

లాభం లేదని ఎవరన్నారు? వరితో పోలిస్తే చాకిరీ తక్కువ, రెండు వారాలకోసారి కోత, నెలనెలా బ్యాంకులో డబ్బు. అందుకేగా ఇన్నేళ్లుగా పెంచుతున్నాం.

అయ్యా వక్తలూ, ఒక్క మనవి. సుంకం పెంచినప్పుడే కాదు, దించినప్పుడు కూడా మా ఊరు రండి. టెంటు, కుర్చీల ఖర్చు మాది.