గూఢచారి పద్యానికి ఉగ్గాని బజ్జి వ్యాఖ్య

మూలం

మచ్చ పెట్టి మీసమంటించి వచ్చెనా
నీచుడెరుగడతని, నేల యెరుగు
గూఢచారి గుట్టు కోటి కనులు చూడ
దాచుటెల్ల మనకు దక్కు విందు

అవతారిక

ఈ ఆటవెలది ఏ తాళపత్రంలోనూ దొరకలేదు. కట్టినవాణ్ణి నేనే గనక కర్తృత్వం మీద పేచీ లేదు. మూలం ఉన్నాక వ్యాఖ్య లేకపోతే పరువు తక్కువ. అందుకని కర్నూలు జిల్లా ఆదోనిలోనూ ఎమ్మిగనూరులోనూ గూఢచారి సినిమాలు చూసి చూసి పండిన రసికుల మతాలు కలుపుకొని దీన్ని కూర్చాను. ఇక్కడి ఫలహారాన్ని తలచుకొని ఉగ్గాని బజ్జి వ్యాఖ్య అని పేరు పెట్టాను. మూలంలో లేని ముక్క రాయనని మల్లినాథ సూరి మాట ఇచ్చాడు. సినిమా మీద రాసేవాడు అలాంటి మాట ఇస్తే పేర్లు పడటం అయ్యేలోపే కలం మూసుకోవాలి.

విచారించవలసిన సంగతి ఇది: గూఢచారి సినిమాలో అభిమానికి అంత సంబరం ఎక్కణ్ణుంచి వస్తుంది? తుపాకుల నుంచా, కార్ల నుంచా, దీవిలో విలన్ కట్టుకున్న మేడ నుంచా? కవి వీటిలో ఒక్కదాని ఊసూ ఎత్తలేదు. మచ్చతో మొదలుపెట్టాడు.

ప్రతిపదార్థం

మచ్చ పెట్టి = చెంప మీద బఠాణీ గింజంత మచ్చ ఒకటి పెట్టుకొని; మీసము అంటించి = ఉన్న మీసం మీదనో లేనిచోటనో జిగురుతో ఇంకో మీసం అతికించుకొని; వచ్చెనా = కథానాయకుడు విలన్ డెన్నులోకి అడుగుపెట్టాడా, ఇక; నీచుడు = తిరిగే కుర్చీలో కూర్చొని పిల్లిని నిమిరేవాడు; అతని ఎరుగడు = వాణ్ణి పోల్చుకోలేడు; నేల = నేల టిక్కెట్టు వారు; ఎరుగు = పోల్చుకుంటారు, పోల్చుకొని ఊరుకోరు, ఈలలు వేస్తారు; గూఢచారి గుట్టు = వేగువాడి రహస్యాన్ని; కోటి కనులు చూడ = హాలు హాలంతా చూస్తూ ఉండగా; దాచుట ఎల్ల = దాచిపెట్టే ఆ తతంగమంతా; మనకు = డబ్బు పెట్టి లోపలికి వచ్చినవారికి; దక్కు విందు = చెందే విందు.

‘నేల’ అన్నచోట భూమి అని చెప్పి, భూదేవికి అన్నీ తెలుసునని గంభీరమైన అర్థం తీయబోయేవారు ఉంటారు. వారు బాల్కనీలో కూర్చున్నవారని గుర్తు. ఇక్కడ నేల అంటే తెరకు దగ్గరగా, తల పైకెత్తి చూసే తరగతి. ఇప్పుడు దానికీ కుర్చీలు వచ్చాయి, కానీ కులం మారలేదు. ‘బెంచి యెరుగు’ అనవచ్చు కదా అని ఒకాయన అడిగాడు. గణం సరిపోతుంది, యతి సరిపోదు. ‘బాల్కనీ’ అంటే గణమే సరిపోదు. కథానాయకుణ్ణి గుర్తుపట్టే అధికారం ఎవరిదో ఛందస్సే తేల్చిపెట్టింది.

వ్యాఖ్య

శాస్త్రంలో వేగువాళ్లకు వేషాలు ఉన్నాయి. కౌటిల్యుడి అర్థశాస్త్రం పెద్ద జాబితానే ఇచ్చింది: కపట శిష్యుడు, సన్న్యాసం వదిలినవాడు, గృహస్థు, వర్తకుడు, తాపసి, విషం పెట్టేవాడు, భిక్షుకి. తాపసి వేషంలో ఉన్నవాడు ఊరి బయట శిష్యులతో దిగి, నెలకో రెండు నెలలకో ఒకసారి గుప్పెడు ఆకుకూర జనం ఎదుట తిని, అసలు భోజనం చాటుగా కానివ్వాలట. చదువుతుంటే ముచ్చటగా ఉంటుంది గానీ ఆ పక్కనే నిలబడి చూసేవాడికి ఏముంటుంది? బక్క స్వామి ఒకడు కనిపిస్తాడు, దండం పెట్టి పోతాడు. వేషం సఫలమైతే చూసేవాడికి కథే లేదు.

ఎమ్మిగనూరు ఎద్దుల సంతలో ఈ సంగతి ఇంకా బాగా తెలుస్తుంది. దళారి, కొనేవాడు చేతుల మీద తువ్వాలు కప్పుకొని, దాని కింద వేళ్లు నొక్కుతూ ధర మాట్లాడుకుంటారు. పక్కన నిలబడ్డవాడికి తువ్వాలు తప్ప ఏమీ కనపడదు. అది అసలైన గూఢవ్యవహారం. దాన్ని రెండున్నర గంటలు చూడమంటే ఎద్దు కూడా ఒప్పుకోదు. సినిమావాడు చేసిందల్లా ఆ తువ్వాలు కింద కెమెరా పెట్టడం. వేళ్లు మనకు కనపడతాయి, ఎదుటివాడి మొహమూ కనపడుతుంది. వాడికి తెలియనిది మనకు తెలుసునన్న గర్వం ఒకటి గుండెల్లో పొంగుతుంది. టిక్కెట్టు డబ్బులు ఆ గర్వానికి.

ఇది కొత్తగా కనిపెట్టిందేమీ కాదు. విశాఖదత్తుడి ముద్రారాక్షసంలో జీవసిద్ధి అనే క్షపణకుడు రాక్షసుడనే మంత్రికి ప్రాణస్నేహితుడు, నిజానికి చాణక్యుడి మనిషి. ఆ మాట చాణక్యుడు మొదటి అంకంలోనే చెప్పేస్తాడు. తర్వాతి అంకాల్లో రాక్షసుడు అతణ్ణి నమ్మినప్పుడల్లా మనం కుర్చీలో కదులుతాం. మన భాషలో అయితే విరాటపర్వం ఉంది. తిక్కన భారతరచన మొదలుపెట్టిందే దానితో. అయిదుగురు అన్నదమ్ములు, వాళ్ల భార్య కలిసి ఏడాదిపాటు మారుపేర్లతో ఒకే కొలువులో ఉద్యోగాలు చేశారు. కంకుభట్టు ఎవరో, వలలుడు ఎవరో విరాటరాజుకు తప్ప వింటున్న ఊరందరికీ తెలుసు. వానలు పడకపోతే మనవాళ్లు విరాటపర్వం చదివిస్తారు. ఎండలు మండే ఈ పడమటి తాలూకాల్లో వాన కోసం నమ్ముకున్నది కూడా ఒక అజ్ఞాతవాసం కథనే అన్నమాట.

తెర మీద దీనికి పరాకాష్ఠ 1957లో వచ్చిన మాయాబజార్. ఘటోత్కచుడు శశిరేఖ రూపంలో పెళ్లివారింట దిగాడు. ఆ ఆడరూపంలో మగ నడక నడిచిన సావిత్రిని చూసి కౌరవ పక్షానికి అనుమానం బలపడదు, మనం మాత్రం పొట్ట పట్టుకుంటాం. తుపాకీ లేదనే గానీ, అది మన మొదటి తరగతి గూఢచారి సినిమా.

సంఖ్యావిచారం

1966లో గూఢచారి 116 వచ్చింది. దర్శకుడు ఎం.మల్లికార్జునరావు, నిర్మాతల్లో డూండీ ఒకరు. అంతకుముందు ఏడాది తేనెమనసులులో కృష్ణ స్కూటరు మీద కారును తరిమి, డూపు లేకుండా దాని మీదికి దూకాడు. అది చూసే డూండీ అతణ్ణి ఈ వేషానికి ఎంచుకున్నాడని సినిమా చరిత్ర. నాయిక జయలలిత. ఛాయాగ్రాహకుడు రవికాంత్ నగాయిచ్ మరుసటి ఏడాది ఇదే కథను జితేంద్రతో ఫర్జ్‌గా హిందీలో తీసి దర్శకుడైపోయాడు. అంతకుముందు నుంచే ఇంగ్లీషువాడికి 007, ఫ్రెంచివాడికి 117 ఉన్నారు.

మనవాడికి 116 ఎందుకు? వ్యాఖ్యాతలు ఇంతకాలం ఈ ప్రశ్న దాటవేశారు. తెలుగింట పెళ్లికైనా పురాణానికైనా సంభావన నూటపదహార్లే. వంద ఇస్తే లెక్క, నూటపదహారు ఇస్తే గౌరవం. సున్నాలతో మొదలయ్యే అంకె వేసుకున్నవాణ్ణి మనవాళ్లు ఇంట్లోకి రానిస్తారా? 116 అనగానే వీడు మనింటి పిల్లవాడే అనిపించింది. ఇది నా ఊహే. నిర్మాతలను ఎవరైనా అడిగి ఉంటే వాళ్లు ఇంకో కారణం చెప్పి ఉండవచ్చు. దానికంటే నాదే బాగుంటుంది.

ఆదోని రసికులకు ఇంకో అంకె కూడా ఉంది. 1953 దాకా ఆదోని బళ్లారి జిల్లాలోది. కన్నడం పక్కింటి భాషే కాదు, కొన్ని ఇళ్లలో వంటింటి భాష కూడా. 1968లో దొరై, భగవాన్ ద్వయం తీసిన జేడర బలెతో రాజ్‌కుమార్ సీఐడీ 999 అయ్యాడు. ఆ వరసలో ఇంకా సినిమాలు వచ్చాయి. మనకంటే వాళ్లకు ఎనిమిది వందల ఎనభై మూడు ఎక్కువ. ‘ఆ లెక్కయితే వాళ్లవాడు పెద్ద ఆఫీసరు, మనోడు ఫీల్డులో తిరిగేటోడు. కొట్టాల్సింది ఫీల్డులోనే కదప్పా’ అని ఇక్కడివాళ్ల సమాధానం.

కృష్ణ తర్వాత 1971లో జేమ్స్‌బాండ్ 777, 1978లో ఏజెంట్ గోపి చేశాడు. 1983లో చిరంజీవి గూఢచారి నెం.1 అయ్యాడు. 2018లో అడివి శేష్ గూఢచారిలో కథానాయకుడు మళ్లీ గోపి, మళ్లీ ఏజెంట్ 116. యాభై రెండేళ్లకు అంకె వారసుణ్ణి వెతుక్కుంది.

పూర్వపక్షం

ఇక్కడ రెండు సంప్రదాయాలు ఉన్నాయి. ఆదోని పత్తి మార్కెట్టు ఊరు, జిన్నింగు మిల్లుల ఊరు. అక్కడివాళ్లు యంత్రవాదులు. బూటులో ఫోను, పెన్నులో తుపాకీ, నీళ్లలో మునిగే కారు లేకపోతే అది గూఢచారి సినిమాయే కాదంటారు. ఎమ్మిగనూరు మగ్గాల ఊరు, మాచాని సోమప్ప 1938లో నేత సహకార సంఘం పెట్టిన ఊరు. వాళ్లు వేషవాదులు. బట్ట మార్చకుండా మనిషి ఎట్లా మారతాడని వారి ప్రశ్న.

‘పెన్నులో తుపాకీ యాడిదప్పా, మన పెన్నులో ఇంకే ఆగదు.’

‘మీసం ఊడిపోతాంటే విలన్ గానికి కనపడదేమప్పా? అది ఏం సినిమా?’

‘కనపడితే సినిమా ఐపాయ. ఇంటికి పోతావా?’

ఈ చివరి మాట ఎమ్మిగనూరువాడిది. దీనికి ఆదోని పక్షం నుంచి ఇప్పటిదాకా జవాబు రాలేదు. యంత్రాలు పాతబడతాయి. 1966లో అద్భుతమైన జేబు ట్రాన్స్‌మిటరు పని ఇప్పుడు గొర్రెల కాపరి ఫోను చేస్తుంది. మచ్చ మాత్రం అప్పుడూ మచ్చే, ఇప్పుడూ మచ్చే. 2023లో ఏజెంట్, స్పై అని రెండు తెలుగు సినిమాలు వచ్చాయి. కండలూ ఉన్నాయి, తుపాకులూ ఉన్నాయి. ఆడలేదు.

కొట్లాటల గురించి కూడా ఒక్క మాట. హోళగుంద మండలం దేవరగట్టులో దసరా రాత్రి మాళ మల్లేశ్వరస్వామి బన్ని ఉత్సవం జరుగుతుంది. నిజమైన కర్రలు, నిజమైన తలలు, నిజమైన రక్తం. అది చూసినవాళ్లు కూడా సినిమాలో హీరో గాలిలో తిప్పిన పిడికిలి దూరం నుంచే పనిచేసినప్పుడు ఈల వేస్తారు. తెలియక కాదు. అసలు దెబ్బ చూసినవాడికే ఉత్త దెబ్బ హాయిగా ఉంటుంది.

ప్రాసంగికంగా ఇంకొకటి చెప్పి తీరాలి. 1999లో సమరసింహారెడ్డి, 2002లో ఇంద్ర, ఆ తర్వాత లెక్కలేనన్ని. తెలుగు తెర మీద నరకడానికి సుమోలో వచ్చినవాడల్లా మా యాసలో మాట్లాడటం మొదలుపెట్టాడు. కర్నూలు జిల్లావాడు హైదరాబాదులో అద్దె ఇల్లు అడిగితే యజమాని ఒక అడుగు వెనక్కి వేసే రోజులు వచ్చాయి. గూఢచారి సినిమాలో ఆ బెడద లేదు. విలన్ ఏదో దీవిలో ఉంటాడు, ఇంగ్లీషు కలిపి మాట్లాడతాడు, ప్రపంచాన్ని పేలుస్తానంటాడే గానీ ఊరబావి జోలికి రాడు. రాయలసీమ ప్రేక్షకుడు ఒంటి మీద మచ్చ లేకుండా హాలు బయటికి రాగలిగేది ఈ ఒక్క రకం సినిమా నుంచే. ఈ సంగతి ఏ విమర్శకుడూ గమనించలేదని నా ఫిర్యాదు.

ఆక్షేపం, సమాధానం

‘గుట్టు కోటి కనులు చూడ’ అన్నారు. మరి ఈ కాలపు సినిమాలు ప్రేక్షకుణ్ణి కూడా మోసం చేస్తున్నాయి కదా, పక్కనున్న స్నేహితుడే ద్రోహి అని చివర్లో చెప్తాయి కదా, అక్కడ పద్యం వర్తిస్తుందా? వర్తిస్తుంది, రెండో ఆటకు. మొదటిసారి మలుపు మన మీద పడుతుంది. రెండోసారి అభిమాని ఒంటరిగా పోడు. ఏమీ తెలియని మేనమామ కొడుకునో కొత్త స్నేహితుణ్ణో వెంట తీసుకుపోతాడు. తెర వైపు సగం చూస్తాడు, వాడి మొహం వైపు సగం చూస్తాడు. ‘యేమీ సెప్పొద్దు మామా’ అని వాడు బతిమాలుకుంటాడు. వీడు చెప్పడు. నోట్లో తిరుగుతున్న మాటను బజ్జితో కలిపి మింగుతాడు. ఆ కాసేపు అసలు వేగువాడు వీడే.

అంతకుముందు ఇంకో ఉద్యోగం కూడా చేసి ఉంటాడు. పెద్ద ఊళ్లలో ఆడాక వారాలకు గానీ చిన్న ఊళ్లకు పెట్టె రాని కాలంలో సినిమా ఎట్లా ఉందో ముందే తెలుసుకోవడం అభిమానికి ప్రాణావసరం. ముగ్గురు వేగులు ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా ఒకే మాట తెస్తే నమ్మవచ్చునని కౌటిల్యుడు. కర్నూలు నుంచి వచ్చిన బస్సు కండక్టరు, బళ్లారి నుంచి వచ్చిన పత్తి లారీ డ్రైవరు, గుంతకల్లులో రైలు మారిన చుట్టం. ముగ్గురూ ‘బాగుంది’ అంటే టిక్కెట్టుకు వరసలో నిలబడవచ్చు. ఇప్పుడు ఉదయం ఆట సగంలో ఉండగానే ఫోనుకు మూడు వందల వార్తలు వస్తాయి. ఏ ఇద్దరూ ఏకీభవించరు.

తాత్పర్యం

కథానాయకుడు చిన్న మచ్చ, అంటించిన మీసం పెట్టుకొని శత్రువుల మధ్యకు వచ్చినప్పుడు విలన్ అతణ్ణి గుర్తుపట్టడు, నేల తరగతివారు గుర్తుపడతారు. ఇంతమంది చూస్తుండగా జరిగే ఆ దాపరికమే ప్రేక్షకులకు విందు అని భావము.

పాఠాంతరం

నాలుగో పాదంలో ‘దక్కు విందు’ అన్నచోట ఎమ్మిగనూరు ప్రతిలో ‘దక్కు బజ్జి’ అని ఉంది. విందు, బజ్జి రెండూ గలాలే గనక ఛందస్సు అభ్యంతరం చెప్పదు. అర్థం మాత్రం మారుతుంది: గూఢచారి డెన్నులో పట్టుబడబోయే క్షణానికి విశ్రాంతి వేసి, జనాన్ని బయటికి తోలి, నూనె కాగుతున్న బండి దగ్గర నిలబెట్టే నిర్మాత యుక్తి ఇందులో ధ్వనిస్తుందని ఆ ప్రతివారి వాదం. ఆదోనివాళ్లు ఒప్పుకోలేదు, బజ్జి ఒక్కటే చాలదు, ఉగ్గాని కూడా ఉండాలన్నారు. ‘ఉగ్గాని’ పాదంలో పట్టదు. ఈ వివాదం సాగుతుండగానే గంట మోగింది.