ఫైటర్‌కి గ్లాసెడు నీళ్లు చాలట!

అక్వేరియం దుకాణంలో మిగతా చేపలకు పెద్ద పెద్ద తొట్లు, బుడగలు పోసే మోటార్లు, రంగు దీపాలు ఉంటాయి. ఓ మూల బల్ల మీద మాత్రం జ్యూస్ పోసి ఇచ్చేలాంటి ప్లాస్టిక్ గ్లాసులు బారుగా పేర్చి ఉంటాయి. మూతకి సూదితో పొడిచిన నాలుగు చిల్లులు, లోపల నీలంగానో ఎర్రగానో చీర కుచ్చిళ్లలాంటి తోక. ఆ తోక చివర గ్లాసు గోడకి ఆని మడత పడి ఉంటుంది. అదే ఫైటర్ చేప, అసలు పేరు బెట్టా. ఎందుకింత ఇరుకు అని అడిగితే అమ్మేవాళ్లకీ, కొనేవాళ్లకీ, పుట్టినరోజు కానుకగా ఇచ్చేవాళ్లకీ ఒకటే జవాబు: ‘దీనికి ఇది చాలండీ. గాలి పీల్చుకునే చేప. వాళ్ల దేశంలో గేదె డెక్క గుంటల్లోనే బతికేస్తుంది.’ జీవశాస్త్రాన్నీ భూగోళాన్నీ కలిపి ఒకే ముద్దలో మింగించే ఈ పాండిత్యం గ్లాసు అమ్ముడుపోయేదాకే ఉంటుంది.

ముందు ఆ భూగోళం సంగతి చూద్దాం. 1910లో టేట్ రీగన్ అనే శాస్త్రవేత్త ఈ చేపకు ‘బెట్టా స్ప్లెండెన్స్’ అని పేరు పెట్టాడు. 2019లో థాయ్‌లాండ్ దీన్ని తన జాతీయ జలచరంగా ప్రకటించుకుంది. దాని సొంతూరు ఆ దేశపు పల్లపు నేలల్లోని వరిచేలు, బాడవలు, కాలవలు. అక్కడ నీళ్లు లోతు ఉండవు, నిజమే. కానీ ఎకరం చేలో పది సెంటీమీటర్ల నీళ్లు నిలిస్తే లెక్కకి నాలుగు లక్షల లీటర్లవుతాయి. లోతు తక్కువన్న ముక్క ఒక్కటే పట్టుకొచ్చి వెడల్పుని అక్కడే వదిలేశారు మన పండితులు. గుంటలూ సెంట్లూ లెక్కకట్టడంలో ఆరితేరిన తెలుగువాళ్ల దగ్గర ఈ పప్పు ఉడకడమే వింత. ఎండాకాలంలో నీళ్లు ఇగిరిపోయి ఒక్కోసారి ఆ చేప చిన్న మడుగులో చిక్కుకోవడమూ నిజమే. గోదావరికి వరదొచ్చినప్పుడు లంక గ్రామాల జనం బడి వరండాల్లో తలదాచుకుంటారు. అది చూసి వీళ్లకి ఇళ్లెందుకు, వరండా చాలదా అన్న కలెక్టరు ఇంతవరకూ పుట్టలేదు.

ఇక గాలి పీల్చడం. మొప్పల పైభాగాన మడతలు మడతలుగా ఉండే ఓ ప్రత్యేక అవయవంతో బెట్టా నేరుగా గాలి తీసుకోగలదు. మన కొరమీను కూడా గాలి పీల్చే చేపే. అంతమాత్రాన తెలంగాణ రాష్ట్ర చేపకి స్టీలు గ్లాసు చాలని ఎవరూ అనరు. చేపల మార్కెట్లో కొరమీను టబ్బులో బతికే ఉంటుంది గానీ, టబ్బే దాని చెరువని నమ్మే అమాయకుడు అక్కడ ఒక్కడూ కనపడడు. అసలు చిక్కు ఆక్సిజన్‌తో కాదు, అమ్మోనియాతో. బెట్టా గాలిని పైనుంచి తెచ్చుకోగలదు కానీ, తన మొప్పల్లోంచి వదిలే మలినాన్ని పైకి పంపలేదు. అది చుట్టూ ఉన్న నీళ్లలోనే కరుగుతుంది. మూడు వందల మిల్లీలీటర్ల గ్లాసులో కలిసిన మలినం ఇరవై లీటర్ల తొట్టిలో కలిసినదానికంటే అరవై ఆరు రెట్లు చిక్కగా ఉంటుంది. నీళ్లు వేడెక్కినకొద్దీ దాని విషం ముదురుతుంది, మన ఎండల సంగతి వేరే చెప్పాలా? తొట్టిలో అయితే ఫిల్టరు స్పాంజిలో కాపురముండే బాక్టీరియా అమ్మోనియాని నైట్రైట్‌గా, దాన్ని మళ్లీ అంతగా హాని చేయని నైట్రేట్‌గా మారుస్తాయి. గ్లాసులో వాటికి అద్దెకి చోటు కూడా లేదు.

‘వేలెడంత చేపకి ఇరవై లీటర్లా?’ అని నవ్వేవాళ్లున్నారు. ఒళ్లు ఆరేడు సెంటీమీటర్లే, ఒప్పుకుందాం. కానీ తొట్టి కొలత చేప పొడవుతో తేలేది కాదు. మలినం పలచబడాలి, వేడి నిలకడగా ఉండాలి, తిరగడానికి చోటుండాలి. ఇరవై ఐదు, ఇరవై ఎనిమిది డిగ్రీల మధ్య నీళ్లు దానికి హాయి. రాత్రి ఏసీ వేస్తే గ్లాసు నీళ్లు గదితోపాటే చల్లబడతాయి, పొద్దున ఆపితే మళ్లీ కాగుతాయి. రోజూ నీళ్లు మారుస్తాం కదా అంటారు ఇంకొందరు. వాళ్ల ఓపికకి దండం. కానీ క్లోరిన్ పోగొట్టని కుళాయి నీళ్లు మొప్పలకి మంట, రోజూ మొత్తం నీళ్లు మార్చడం చేపకి రోజూ ఇల్లు మారడం. థాయ్‌లాండ్‌లో పెంపకందార్లు సీసాల్లోనే ఉంచుతారన్న మాటా వస్తుంది. మగ చేపలు ఒకదాన్నొకటి చీల్చుకోకుండా, అమ్ముడయ్యేదాకా చేసే వ్యాపారపు ఏర్పాటది. బస్టాండు బెంచీ మీద కునుకు తీసినవాణ్ణి చూసి సొంతిల్లు అక్కర్లేదని తేల్చడం లాంటిదే ఇదీ. పెద్ద తొట్టిలో బెదురుతుందన్న వాదనలో మాత్రం పిసరంత పస ఉంది. బోసి తొట్టిలో, ఉధృతంగా కొట్టే ఫిల్టరు ముందు పొడుగు తోక చేప నిజంగానే అవస్థ పడుతుంది. దానికి మందు నాలుగు మొక్కలు, నిదానంగా నడిచే స్పాంజి ఫిల్టరు, ఎగిరి బయటపడకుండా ఓ మూత. గ్లాసు కాదు.

అసలు కారణం ఎవరూ పైకి చెప్పరు. చేప చవక, తొట్టి ఖరీదు. డబ్బు లేదంటే అదొక నిజాయితీ, దాన్ని ఎగతాళి చెయ్యలేం. తాడిచెట్టు ఎందుకెక్కావంటే దూడ మేత కోసం అన్నట్టు శాస్త్రం ఎత్తుకోవడంతోనే వస్తుంది పేచీ. అమెరికాలో ఒకప్పుడు పూలకుండీలో పీస్ లిల్లీ పెట్టి, వేళ్ల కింద బెట్టాని వదిలి, వేళ్లు తింటూ బతికేస్తుందని అమ్మారు. పురుగుల్నీ దోమ పిల్లల్నీ వేటాడి తినే మాంసాహారికి అలా శాకాహార దీక్ష ఇప్పించారు. ఇటలీలో మోంజా నగరం 2004లో, ఆ తర్వాత రోమ్, గోల్డ్‌ఫిష్‌ని గుండ్రటి గాజు గిన్నెల్లో పెట్టడాన్ని నిషేధిస్తే లోకం నవ్వుకుంది. మన ఇళ్లలో తాగేందుకు వచ్చే వాటర్ టిన్ను సరిగ్గా ఇరవై లీటర్లు. హాల్లో స్టాండు మీద అది దర్జాగా కూర్చుంటుంది. దాని కుళాయి తిప్పి ఓ గ్లాసెడు పట్టి, పక్క బల్ల మీది చేపకి పోస్తారు. గాజులో తన నీడే ఎదురొస్తే శత్రువనుకుని అది మొప్పలు విప్పి, రెక్కలు నిక్కించి మీదికెళ్తుంది. చుట్టాలొస్తే ఇంటివాళ్లు మురిసిపోతూ పిలుస్తారు: ‘ఇటు రండి వదినా, చూడండి ఎంత హుషారుగా ఉందో!’