ఆల్బం అన్న

పాతబస్తీలో దారి అడిగితే ఇంటి గుమ్మం దాకా దిగబెట్టి వచ్చే మనుషులున్నారు. ఆల్బం అన్నదీ ఆ కోవే. కాకపోతే ఆయన మనం అడగని చోటికి దిగబెడతాడు.

శాలిబండ, లాల్‌దర్వాజా, మొఘల్‌పురా... ఏ గల్లీలోనైనా తగులుతాడు. వృత్తి మొబైల్ రిపేరు. ప్రవృత్తి, ఎవరూ వినని ఆల్బమ్‌లను అందరికీ వినిపించడం. స్క్రీన్ పగిలిందని వెళ్తే ముందు ఫోను విప్పేస్తాడు. స్క్రూలన్నీ మూతలో పోసి, ఇక మనం పారిపోలేమని రూఢి చేసుకున్నాక ఇయర్‌ఫోన్లు చేతికిస్తాడు. "అన్నా, రెండే నిమిషాలు!" ఆ రెండు నిమిషాల్లో పది రాగాలుంటాయి.

అవి చరణ్‌జిత్ సింగ్‌వి. బొంబాయి సినిమా ఆర్కెస్ట్రాల్లో వాయించిన ఈయన 1982లో రోలాండ్ కంపెనీ యంత్రాలు మూడు, టీబీ-303, టీఆర్-808, జూపిటర్-8 ముందేసుకుని ‘సింథసైజింగ్: టెన్ రాగాస్ టు ఎ డిస్కో బీట్’ అని ఓ రికార్డు చేశారు. పెద్దగా ఎవరూ కొనలేదు. అయిదేళ్లకు షికాగోలో ఫ్యూచర్ అనే బృందం అదే 303తో ‘ఆసిడ్ ట్రాక్స్’ తెచ్చి ఆసిడ్ హౌస్‌కు కొబ్బరికాయ కొట్టింది. 2010లో చరణ్‌జిత్ రికార్డు మళ్లీ వెలువడ్డాక, అలాంటి మోత బొంబాయిలో ముందే మోగిందని ప్రపంచం నోరెళ్లబెట్టింది. "భూపాళి మన మోహన, మాల్కౌన్స్ మన హిందోళం" అని విప్పిన ఫోను పక్కన వేలితో గీసి మరీ చెబుతాడు అన్న. నిజం చెప్పొద్దూ, ఆ రికార్డు విషయంలో ఆయన మాట అక్షరాలా ఒప్పు.

తంటా ఆయన కొలమానంతోనే. అమ్ముడుపోకపోవడమే అన్నకు ఐఎస్ఐ మార్కు. రూపా బిశ్వాస్ కెనడాలోని కాల్గరీలో పాడిన ‘డిస్కో జాజ్’ కూడా 1982దే. అదీ అప్పట్లో మూలపడి, 2019లో మళ్లీ వెలుగు చూసింది కనుక ఆయనకు ప్రాణం. అదే రుహాన్ అర్షద్ ‘మియా భాయ్’ ఊసెత్తితే మొహం ముడుచుకుంటాడు. కోట్ల వ్యూలొచ్చిన హైదరాబాదీ పాట కదా అంటే, "అంతమంది విన్నరు కద, ఇంక మనమెందుకు?" అంటాడు. ఈ తర్కానికి జవాబు నాకైతే దొరకలేదు.

కీప్యాడ్ ఫోన్లు వాడే పెద్దవాళ్లు పాటలు ఎక్కించమని మెమరీ కార్డులిస్తే ఆయనకు పండగే. ఓ అమ్మ బోనాల పాటలడిగింది. అన్న వాటి నడుమ ‘ది ఎన్ఐడీ టేప్స్’ దూర్చాడు. 1969-72 మధ్య అహ్మదాబాద్ డిజైన్ సంస్థలో మూగ్ సింథసైజర్ మీద గీతా సారాభాయ్ వంటి వాళ్లు చేసిన ప్రయోగాలవి. 2023లో గానీ బయటికి రాలేదు. మర్నాడు పొద్దున్నే ఆమె దుకాణం ముందు నిలబడింది.

"కొడుకా, అమ్మవారి పాటలేయమంటే ఫ్రిజ్జు మొత్తుకునే సప్పుడేసినవేంది?"

"అమ్మా, అది అహ్మదాబాద్‌ల యాభై ఏండ్ల కింద చేసిన సంగీతం."

"పాపం, అక్కడోళ్లకు పాటల్లేవా?"

ఏ ఆల్బమ్‌నైనా కౌంటరు అద్దం మీద రెండు వేళ్లతో తీన్మార్ వేసి పరీక్షిస్తాడు. వేళ్లు కుదిరితే ఊరేగింపు సరుకు, కుదరకపోతే "దిమాగ్‌తోని వినాలె". డీజే న్యూక్లియా 2015లో ఉచితంగా వదిలిన ‘బాస్ రాణి’ మొదటి కోవలో పాసైంది. బాలాపూర్ గణపతి చార్మినార్ ముందు నుంచి వెళ్లేటప్పుడు అదే మోగాలని ఆయన కోరిక.

బార్కస్ మర్ఫా ఉస్తాద్ ఒకరు ఛార్జరు కోసం వచ్చినప్పుడు మాత్రం అన్న లెక్క తప్పింది. హద్రమౌత్ అరబ్బులు, సిద్దీలు నిజాం కొలువుకు తెచ్చిన వాద్యం మర్ఫా. ఉస్తాద్‌లు దాన్ని తాతల నాటి నుంచి బరాత్‌లలో మోగిస్తున్నారు. ఈ ఉస్తాద్ కళ్లు మూసుకుని చరణ్‌జిత్ భైరవి ఆసాంతం విన్నారు. బొటనవేలు స్టూలు అంచున ఆడుతూనే ఉంది.

"అచ్ఛా హై మియాఁ. లేకిన్ మషీన్ థక్‌తాచ్ నై."

యంత్రం అలసిపోదు, అదే దాని లోపమట. అర్ధరాత్రి బరాత్‌లో చేతులు పడిపోయాక పెళ్లికొడుకు దోస్తులు ‘ఔర్ బజావ్’ అని కేక వేస్తే పుట్టే ఊపు దానికెలా వస్తుందన్నారు. ఎన్నడూ మారు చెప్పకుండా ఉండని అన్న ఛార్జరుకు డబ్బులు కూడా అడగలేదు.

పాఠకులకు నా సలహా ఒకటే: చరణ్‌జిత్ రికార్డు వినండి, మాల్కౌన్స్‌తో మొదలుపెట్టండి. బాగుందని మాత్రం అన్నతో అనకండి. మీ ఫోను మరో గంట విప్పే ఉంటుంది.