పనేమీ లేని అత్యవసర సేవ

అంగన్‌వాడీ టీచరుకి పనేముంటుందండీ? రెండు పాటలు పాడించడం, గుడ్డు పెట్టడం, పిల్లల్ని పడుకోబెట్టడం! రచ్చబండ నుంచి సచివాలయం దాకా ఈ మాట అనని పెద్దమనిషి లేడు. నిజమే కాబోలు. 1975 అక్టోబరు 2న అంగన్‌వాడీల పథకం ఐసీడీఎస్ మొదలైన నాటి నుంచీ ఆవిడ ఖాళీగానే ఉంది. పిల్లల్ని తూకం వేసి, ఎత్తు కొలిచి, జబ్బకు టేపు చుట్టి చూస్తుంది. గర్భిణుల ఇళ్లకూ బాలింతల ఇళ్లకూ తిరుగుతుంది. టీకాల రోజున తల్లుల్ని బతిమాలి తీసుకొస్తుంది. ఓటర్ల జాబితా పని పడితే చాలాచోట్ల బీఎల్వో కూడా ఆవిడే. ఇంకా తీరిక మిగిలితే చదువు చెబుతుంది.

ఆ చదువు సంగతీ చూద్దాం. ఆరేళ్లలోపే మెదడు 85 శాతానికి పైగా ఎదుగుతుందని జాతీయ విద్యా విధానం 2020లో రాసుకున్నారు. ఆ 85 శాతాన్నీ గౌరవ వేతనం మీద ఆవిడకు అప్పగించారు. మిగతా 15 శాతం చూసుకునేవాళ్లకు పే స్కేలు.

అన్నట్టు, పోషణ్ ట్రాకర్ యాప్ వచ్చాక పని మరీ తేలికైపోయిందట. సరుకుల కోసం చంకన బిడ్డతో తల్లి వస్తుంది. ‘అమ్మాయ్, ఫోన్ వైపు చూడు. కళ్లార్పు. ఇంకోసారి ఆర్పు.’ బిడ్డ ఫోను లాగేస్తుంది. ముఖం సరిపోలేదంటుంది యాప్. ఓటీపీ అడిగితే, ఆ నంబరున్న ఫోను హైదరాబాద్‌లో సెంట్రింగ్ పనికెళ్లిన మొగుడి జేబులో ఉంటుంది. అతను ఫోనెత్తేసరికి ఓటీపీ గడువు తీరిపోతుంది. ఈలోగా లోపల ఒకడు చెడ్డీ తడిపాడు, ఇంకొకడు పక్కవాణ్ని కొరికాడు. ఆ తల్లి పెళ్లిలో వడ్డన చేసిన టీచరమ్మ ‘ఈమె ఫలానా’ అంటే చెల్లదు, ఎక్కడో ఉన్న సర్వరు ఒప్పుకోవాలి. దీన్నే పారదర్శకత అంటున్నారు.

ఇంత తేలిక పనికి జీతమెందుకని కాబోలు, 2018లో కేంద్రం తన లెక్కలో నెలకు 4,500 రూపాయలు ఖాయం చేసింది. రాష్ట్రం వేసింది కలుపుకొని ఆంధ్రప్రదేశ్‌లో 11,500. గ్రాట్యుటీ అంగన్‌వాడీల హక్కేనని సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్‌లోనే తేల్చింది. అయినా దాన్ని మళ్లీ అడగాల్సొచ్చింది. జీతం పెంచమనీ, గ్రాట్యుటీ ఇవ్వమనీ 2023 డిసెంబరు 12న ఆంధ్రప్రదేశ్‌లో సమ్మెకు దిగారు. పనేముందిలే అనుకున్న అధికారులు తాళాలు పగలగొట్టించి, సచివాలయ సిబ్బందిని తెచ్చి కేంద్రాల్లో కూర్చోబెట్టారు. ఇక వాళ్లే ముక్కులు తుడవాలి, తూకాలు వేయాలి, యాప్ ముందు కళ్లార్పించాలి. నెల తిరక్కుండానే, 2024 జనవరి 6న, ఇది అత్యవసర సేవ అంటూ, సమ్మెను నిషేధించే ఎస్మా జీవో వచ్చేసింది.